చిలకలకోనలో కళాభృతి

ఎర్రమట్టి కొండల నడుమ చిలకలకోన అనే అడవి ఉండేది. అక్కడ మద్దిచెట్లు, ఇప్పచెట్లు, వెదురు పొదలు దట్టంగా పెరిగేవి. ఏనుగులు, జింకలు, అడవిపందులు, కుందేళ్లు, ముళ్లపందులు, రకరకాల పిట్టలు ఆ అడవిలో కాపురం ఉండేవి. గంభీరుడు అనే ఏనుగు వాటికి రాజు.

చిలకలకోన ఆటపాటలకు పెట్టింది పేరు. పాలపిట్టలు నీలి రెక్కలు విప్పి గాలిలో పల్టీలు కొట్టేవి. వడ్రంగిపిట్టలు ఎండు కొమ్మల మీద దరువులు వేసేవి. ముళ్లపందులు తోక ముళ్లను గజ్జెల్లా ఆడిస్తూ కథలు చెప్పేవి. ఏటా ఇప్పపూలు రాలే రోజుల్లో అడవి అంతా ఒకచోట చేరి పండగ చేసుకునేది.

అలాంటి అడవిలో ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగు సన్నబడింది. దుంపలు భూమిలో లోతుకు పోయాయి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా అందరికీ తిండి వెతుక్కోవడమే పని అయింది.

ఆ ఏడు పండగకు అందరూ వచ్చారు. కానీ ఎవరూ పాడలేదు, ఆడలేదు. రాలిన పూల కోసం తోసుకున్నారు. "ఈ చెట్టు మాది" అంటే "కాదు మాది" అని పోట్లాడుకున్నారు. మూతులు ముడుచుకుని ఎవరి దారిన వాళ్లు పోబోయారు.

అది చూసి గంభీరుడి మనసు చివుక్కుమంది.

"ఆగండి! ఇది పండగా, పంచాయితీయా? మన పాటలు ఏమయ్యాయి? మన కథలు ఏమయ్యాయి?" అని అడిగాడు.

గుంపులోంచి ఒక ముళ్లపంది ముందుకు వచ్చింది. దాని పేరు గలగలమ్మ. లోయలో ఒక చిన్న కథామేళం నడిపేది. కథ చెప్పేది తను. పక్కన నిలబడి వంత పాడేవి ఒక కుందేలు, ఒక కప్ప.

"దొరా, తప్పుగా అనుకోవద్దు. పొద్దున్నే లేస్తే దుంపలు తవ్వడంతోనే సరిపోతోంది. ఇక సాధన ఎప్పుడు చేసేది? మా అమ్మమ్మ నేర్పిన కథల్లో సగం నాకిప్పుడు నోటికి రావడం లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిస్తే నా తరవాతి వాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగలదు," అంది గలగలమ్మ.



గంభీరుడు తొండం ఊపుతూ ఆలోచించాడు. కొండ గుహలో అడవి కొట్టు ఉంది. మంచి కాలంలో ప్రతి కుటుంబమూ తెచ్చి పోసిన వెదురు బియ్యం, తేనె, దుంపలు, ఎండబెట్టిన ఉసుళ్లు అనే రెక్కల చెదపురుగులు అందులో ఉన్నాయి.

"అడవి కొట్టులోంచి కొంత భాగం ఆటపాటల వాళ్లకు ఇద్దాం. తిండి బెంగ లేకుండా సాధన చేసుకుంటారు. దీనికి కళాభృతి అని పేరు పెడదాం," అన్నాడు.

వెంటనే కోరయ్య లేచి నిలబడ్డాడు. కోరయ్య అడవిపందుల పెద్ద. కష్టజీవి. మాట కాస్త మొరటు, తీరు మాత్రం నిక్కచ్చి.

"మహారాజా, ఆ కొట్టులో ఉన్నది మేమంతా చెమటోడ్చి పోసింది. కరువుకని దాచుకున్నది. దాన్ని పాటలు పాడేవాళ్లకు పెడితే ఆ పాట వచ్చి మా పిల్లల కడుపు నింపుతుందా?" అన్నాడు.

"నిజమే, నిజమే!" అని చాలామంది తలలూపారు.

గంభీరుడికి కోపం రాలేదు.

"నువ్వు అడిగింది న్యాయమే, కోరయ్యా. వచ్చే పండగ దాకా ఇచ్చి చూద్దాం. ఆ రోజు మేళాలన్నీ అందరి ముందూ ఆడతాయి. బాగుందంటే కొనసాగిద్దాం. దండగ అంటే ఆపేద్దాం. మళ్లీ ఆ ఊసే ఎత్తను. ఆ రోజు మొదటి మాట నువ్వే చెప్పాలి," అన్నాడు.

కోరయ్య ఒప్పుకున్నాడు. కళాకారుల గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆ ఒక్క పండగ మీదే తమ అందరి బతుకూ ఆధారపడింది మరి!

మర్నాడు పంపకం జరిగింది. అన్నిటికన్నా పెద్ద వాటా పాలపిట్ట నీలకంఠానికి దక్కింది. ఎందుకంటే అతనికి అడవి అంతా పేరుంది. అతను ఆకాశంలోంచి పల్టీలు కొడుతూ దిగుతుంటే చూసేవాళ్లకు ఊపిరి ఆగిపోయేది. అతని మేళంలో దరువు వేసే వడ్రంగిపిట్ట టకటకయ్య ఉన్నాడు. పాడే బుల్‌బుల్ పిట్టలూ ఉన్నాయి.

గలగలమ్మకు చిన్న వాటా వచ్చింది. ఓ బుట్ట దుంపలు, కాస్త వెదురు బియ్యం, ఒక తేనెతుట్టె ముక్క.

"మనకు ఇంతేనా?" అని కుందేలు చెవులు వేలాడేసింది.

"నిన్నటికి ఇది కూడా లేదు కదరా! పద, ముందు కడుపునిండా తిందాం. తరవాత గొంతు సవరించుకుందాం," అని గలగలమ్మ నవ్వింది.

నీలకంఠానికి తన వాటా చూడగానే గర్వం తలకెక్కింది.

"రాజుగారు ఇంత ఇచ్చారంటే నేను ఎంత గొప్పవాణ్ణో చూడండి! నా స్థాయికి తగ్గ వేదిక కావాలి," అన్నాడు.

అడవిలో అన్నిటికన్నా ఎత్తైన మద్దిచెట్టు చిటారున వేదిక కట్టించాడు. దాని చుట్టూ పూలతీగలు అల్లించాడు. చెట్టెక్కి పనిచేసిన ఉడతలకు కొంత వెదురు బియ్యం పోయింది. పూలు మోసుకొచ్చిన కోతులకు తేనె పోయింది. అంతటితో ఆగలేదు. ఒక కాకుల గుంపును పిలిచి మేపడం మొదలుపెట్టాడు. అవి చేయాల్సిన పని ఒక్కటే. అతను ఎక్కడికి వెళితే అక్కడ "ఆహా నీలకంఠం! ఓహో నీలకంఠం!" అని అరవడం.

ఇంక మేళంలో ఉన్నవాళ్లకు మిగిలిందేమిటి? పొట్టు.

ఒకరోజు టకటకయ్య ఉండబట్టలేక అడిగాడు.

"నీలకంఠం గారూ, సాధన మొదలుపెడదామా? ఇంకో మాట. మా వాళ్లు తిండి తిని చాలా రోజులైంది. మా వంతు ఉసుళ్లు ఇప్పిస్తే..."

నీలకంఠం రెక్కలు సవరించుకుంటూ పక్కకు కూడా చూడలేదు.

"నా పక్కన కూర్చుని దరువు వేయడమే నీకు పెద్ద కానుక. ఆ పేరు చాలదా? అసలు జనం వచ్చేది నన్ను చూడటానికి. నీ టకటక వినడానికి కాదు," అన్నాడు.

కాకులు "ఓహో నీలకంఠం!" అన్నాయి.

టకటకయ్య ఎగిరిపోయాడు. వారం తిరక్కుండానే బుల్‌బుల్ పిట్టలు కూడా తమ గూళ్లకు వెళ్లిపోయాయి. నీలకంఠం ఆ సంగతి పట్టించుకోలేదు. కాకులు ఇంకా ఉన్నాయి కదా!

టకటకయ్య ఎగిరి ఎగిరి లోయకు చేరాడు. అక్కడ గలగలమ్మ సాధన చేస్తోంది. తోక ముళ్లు గలగలలాడుతున్నాయి. కుందేలు కాళ్లతో తాళం వేస్తోంది. కప్ప బుగ్గలు పూరించి శ్రుతి పడుతోంది. ఆకలితో ఉన్నా టకటకయ్య ముక్కు ఊరుకోలేదు. పక్కనున్న మోడు మీద ఒక దరువు వేశాడు. దాంతో పాట ఒక్కసారి లేచి గంతులేసింది.

"ఎవరయ్యా అది? కిందికి రా!" అని గలగలమ్మ కేకేసింది.

సంగతి విన్నాక బుట్టలోంచి తన వంతు తీసి అతని ముందు పెట్టింది. కుందేలు దాని చెవిలో గొణిగింది.

"అమ్మా, మనకే చాలీచాలకుండా ఉంది. ఇంకో నోరా?"

"నోరు ఒక్కటే చూశావా? ఆ ముక్కు చూడలేదా? మన కథకు ఇన్నాళ్లూ గుండెచప్పుడు లేదు. ఇవాళ వచ్చింది," అంది గలగలమ్మ.

గలగలమ్మ ఒకచోట కూర్చుని సాధన చేసే రకం కాదు. తిండి బెంగ తీరింది కాబట్టి మేళాన్ని వెంటబెట్టుకుని అడవి అంతా తిరగడం మొదలుపెట్టింది. జింకల మైదానంలో ఒక కథ చెప్పింది. కుందేళ్ల బొరియల దగ్గర ఒక కథ. వాగు ఒడ్డున తాబేళ్లకు ఒక కథ. ఎక్కడికి వెళ్లినా ముసలివాళ్ల దగ్గర కూర్చుని, "తాతా, నీ చిన్నప్పుడు విన్న కథ ఒకటి చెప్పవూ," అని బతిమాలేది. మరిచిపోయిన కథలు అలా ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి.

వెళ్లేముందు ప్రతిచోటా వంత పాట నేర్పేది.

"ఔను గదా, ఔను గదా, అయ్యో పాపం ఔను గదా!"

అంతే వంత. ఎవరైనా పాడొచ్చు. జింకలు నీళ్లకు పోతూ పాడుకున్నాయి. కుందేళ్లు బొరియలు తవ్వుతూ పాడుకున్నాయి. మేళం వస్తోందంటే ఉన్నంతలో నేరేడుపండ్లో, తునికిపండ్లో దాచి ఉంచేవాళ్లు. చిన్న బుట్ట ఎప్పుడూ ఖాళీ కాలేదు.

పండగ దగ్గరపడింది. ఆ ఏటి కథకు గలగలమ్మ 'కొండ రాక్షసుడి పంటినొప్పి' ఎంచుకుంది. అందులో రాక్షసుడు గట్టిగా అరవాలి. కప్ప ప్రయత్నించింది. అందరికీ నవ్వొచ్చింది గాని భయం వేయలేదు. కుందేలు అరిస్తే నవ్వు కూడా రాలేదు.

గలగలమ్మ నేరుగా కోరయ్య ఇంటికి వెళ్లింది. కోరయ్య దుంపలు తవ్వుతున్నాడు.

"అన్నయ్యా, బాగున్నావా?" అని పలకరించింది.

"నేను నీకు అన్నయ్యని ఎప్పుడయ్యాను?"

"నువ్వు అడవిపందివి, నేను ముళ్లపందిని. ఇంటిపేరు వేరైనా అసలు పేరు ఒకటే కదా! మా కథలో రాక్షసుడి గొంతు కావాలి. ఈ అడవిలో నీలాంటి గొంతు ఇంకొకరికి లేదు."

కోరయ్య మూతి మీది మట్టి దులుపుకున్నాడు.

"చూడు చెల్లెమ్మా, నేను పనిచేసుకునేవాణ్ణి. ఈ వేషాలు నాకు రావు. పైగా పండగనాడు మీ గురించి నేను తీర్పు చెప్పాలి. నన్ను మంచి చేసుకుందామని వచ్చావా?"

"అబ్బే! రాక్షసుణ్ణి మంచి చేసుకుంటే మా కథ పాడైపోతుంది," అంది గలగలమ్మ.

కోరయ్యకు నవ్వు రాబోయింది. గబుక్కున మొహం పక్కకు తిప్పుకుని మళ్లీ తవ్వుకోసాగాడు.

పండగ రోజు రానే వచ్చింది. తెల్లవారేసరికి ఇప్పపూలు నేలంతా పరుచుకున్నాయి. గాలి నిండా కమ్మటి వాసన. అడవి జీవులన్నీ వచ్చి కూర్చున్నాయి. కోరయ్య ముందు వరసలో, నుదురు చిట్లించుకుని కూర్చున్నాడు.

మొదట నీలకంఠం వంతు. అందరూ తలలెత్తి మద్దిచెట్టు చిటారుకు చూశారు. వేదిక అంత ఎత్తున ఉంటే ఏం కనిపిస్తుంది? పూలతీగలు, వాటి మధ్య ఒక నీలి చుక్క.

"మెడ పట్టేసిందిరా నాయనా!" అని ఒక ముసలి తాబేలు మూలిగింది.

నీలకంఠం రెక్కలు విప్పాడు. ఎన్నాళ్లుగానో సాధన లేదు. ఎప్పుడు మలుపు తిరగాలో, ఎప్పుడు రెక్క ముడవాలో ఇదివరకు టకటకయ్య దరువు చెప్పేది. ఇప్పుడు దరువు లేదు. కాకులు మాత్రం గొంతు చించుకుని "ఆహా! ఓహో!" అంటున్నాయి. ఆ గోలలో అతనికి తన రెక్కల చప్పుడు కూడా వినిపించలేదు.

మొదటి పల్టీ ఎలాగో కొట్టాడు. రెండో పల్టీలో లెక్క తప్పింది. మూడోది మధ్యలోనే చెదిరింది. గిర్రున తిరుగుతూ వచ్చి అడవిపందులు పొర్లే బురదగుంటలో దబ్బున పడ్డాడు.

దెబ్బ తగల్లేదు. కానీ ఆ నీలి రెక్కలు నిండా బురద. కాకులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని మెల్లగా జారుకున్నాయి.

"నీలకంఠం, నీ మేళం ఏది? నీకిచ్చిన వాటాతో వాళ్లంతా ఏడాది సుఖంగా బతకొచ్చే! దరువు వేసేవాడేడీ? పాడేవాళ్లేరీ?" అని గంభీరుడు అడిగాడు.

నీలకంఠం తల దించుకుని బురదలోంచి కాళ్లీడ్చుకుంటూ వెళ్లి ఒక చెట్టు వెనక కూర్చున్నాడు.

"చూశారా! నేను అప్పుడే చెప్పాను. అంతా దండగ," అని కోరయ్య గుర్రుమన్నాడు.

చాలామంది మళ్లీ తలలూపారు. కళాకారుల మొహాలు పాలిపోయాయి. అలాంటి సమయంలో గలగలమ్మ వంతు వచ్చింది. కుందేలు వెనక్కి వెనక్కి జరుగుతోంది.

"భయపడకు. మనకు తెలిసిన కథ, మనకు తెలిసిన జనం," అని గలగలమ్మ దాని భుజం తట్టింది.

వాళ్లు జనం మధ్యలో, నేల మీదే నిలబడ్డారు. టకటకయ్య మోడు మీద దరువు అందుకున్నాడు. గలగలమ్మ ముళ్లు ఝల్లుమన్నాయి.

"వినండి వినండి! కొండ రాక్షసుడికి కొండంత దంతం. ఆ దంతానికి ఆవగింజంత పుచ్చు!"

"ఔను గదా, ఔను గదా!" అని కుందేలూ కప్పా వంత అందుకున్నాయి.

"అయ్యో పాపం ఔను గదా!" అని జింకల గుంపు కలిసింది. తరవాత కుందేళ్లు, తాబేళ్లు, ఉడతలు కలిశాయి. తమకు తెలిసిన పాట కదా! ఎవరూ ఆగలేకపోయారు.

కథ సాగింది. నొప్పికి తాళలేక రాక్షసుడు అడవికి నిద్ర లేకుండా చేస్తున్నాడు. ఏనుగులు, పులులు దగ్గరికి పోవడానికే జంకాయి. ఆఖరికి ఒక చిట్టెలుక తీగ పట్టుకుని అతని నోట్లోకి దిగింది. తీగ పంటికి చుట్టింది. కాళ్లు తన్నిపట్టి లాగింది.

"లాగింది! ఇంకా లాగింది! పన్ను కదిలింది! అప్పుడు రాక్షసుడు..."

ఇక్కడ కప్ప అరవాలి. అది బుగ్గలు పూరించింది. కానీ అది నోరు తెరిచేలోపే ముందు వరసలోంచి అడవి దద్దరిల్లేలా కేక వినిపించింది.

"అమ్మో! మెల్లగా లాగవే!"

అరిచింది కోరయ్య! కథలో మునిగిపోయి, రెండు చేతులతో తన కోరలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

అంతా విరగబడి నవ్వారు. జింకలు నేల మీద దొర్లాయి. గంభీరుడు నవ్వు ఆపుకోలేక తొండంతో చెట్టు పట్టుకున్నాడు. కోరయ్య కళ్లు చికిలించి చుట్టూ చూశాడు. ముందు సిగ్గుపడ్డాడు. ఆపై తనూ పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

గలగలమ్మ మాత్రం కథ ఆపలేదు. "రాక్షసుడు వచ్చేశాడర్రా! ఇంక పన్ను ఊడినట్టే!" అంటూ మిగిలిన కథంతా కోరయ్యతో కలిసి నడిపించింది. ఆ పన్ను ఊడి పడేసరికి అడవి మొత్తం లేచి గంతులేసింది. కిందటేడు పూల కోసం కొట్టుకున్న జింకలూ కోతులూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని పాడుతున్నాయి.

"కోరయ్యా, మొదటి మాట నీదే," అన్నాడు గంభీరుడు.

కోరయ్య లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా, పాట కడుపు నింపుతుందా అని నేను అడిగాను. నింపదు. కానీ కరువు వచ్చినప్పటి నుంచి నేను నవ్వలేదు. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. అది నాకు ఇవాళే తెలిసింది. ఈ అడవి మళ్లీ ఒక ఇల్లులా ఉంది. కళాభృతి ఆపొద్దు. కానీ ఇచ్చేటప్పుడు పేరు చూసి ఇవ్వకండి. దాన్ని ఎలా వాడుతున్నారో చూసి ఇవ్వండి."

"మా మాటా అదే!" అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

గలగలమ్మ మేళానికి పెద్ద వాటా ఇవ్వాలని తీర్మానించారు. గలగలమ్మ చేతులు జోడించింది.

"దొరా, మాకు కావలసినంత ఇస్తే చాలు. మిగిలింది టకటకయ్యకు ఇప్పించండి. అతను సొంతంగా దరువుల మేళం పెట్టగలడు," అంది.

అలాగే జరిగింది. నీలకంఠానికి ఆ ఏడు ఏమీ దక్కలేదు. మర్నాడు అతను రెక్కలు కడుక్కుని, వెదుక్కుంటూ వెళ్లి టకటకయ్య ముందు వాలాడు.

"నీ దరువు లేకపోతే నేను ఎగరలేనని నిన్ననే తెలిసింది. నిన్ను ఆకలితో పంపినందుకు క్షమించు. నీ మేళంలో ఏదైనా చిన్న పని ఉంటే చేస్తాను," అన్నాడు.

టకటకయ్య అతన్ని పైకీ కిందికీ చూశాడు.

"వేదిక నేల మీదే ఉంటుంది. వచ్చింది అందరికీ సమంగా పంచుతాం. కాకులు ఉండవు. ఇష్టమేనా?"

"ఇష్టమే."

"అయితే తిని రా. సాధన మొదలుపెడదాం," అన్నాడు టకటకయ్య.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాగు నిండింది. తీతువులు ఒక మేళం పెట్టుకున్నాయి. బుల్‌బుల్ పిట్టలు పిల్లలకు పాటలు నేర్పే బడి పెట్టాయి. కోరయ్య పగలు దుంపలు తవ్వేవాడు. సాయంత్రం గలగలమ్మ మేళంలో రాక్షసుడి వేషం వేసేవాడు. పంట చేతికి రాగానే కొట్టులో పోయడానికి అందరికన్నా ముందు మూట మోసుకొచ్చింది కోరయ్యే. "ఇది కళాభృతికి" అని చెప్పి మరీ పోశాడు.

నీతి: కళకు అందిన సాయాన్ని నలుగురితో పంచుకుంటే అది ఊరంతటికీ ఆనందమై పెరుగుతుంది, ఒక్కరి గొప్ప చాటుకోవడానికి వాడితే ఆ సాయమూ, ఆ గొప్పా రెండూ నిలవవు.